ప్రేమపెళ్లి అంటారేమిటండీ, అది ఇల్లరికం!

'మై బిగ్ ఫ్యాట్ గ్రీక్ వెడ్డింగ్' వచ్చి ఇరవయ్యేళ్లు దాటింది. 2002లో విడుదలైంది. ఇన్నేళ్లుగా ఆ సినిమా గురించి ఎవరిని కదిపినా చెప్పేది ఒకటే కథ. కట్టుబాట్ల మధ్య పెరిగిన గ్రీకు పిల్ల బయటివాణ్ణి ప్రేమించిందట, మొండి తండ్రి చివరికి దిగొచ్చాడట, ప్రేమ గెలిచిందట. నేనూ చాలాకాలం అదే నమ్మాను. మొన్న మా మేనమామ పక్కన కూర్చుని ఇంకోసారి చూశాను. ఈసారి ఒళ్లో కాగితం, చేతిలో పెన్ను పెట్టుకుని, ఎవరు ఏం ఇచ్చారు, ఎవరు ఏం పుచ్చుకున్నారు అని పెళ్లిచూపుల పెద్దమనిషిలా జమాఖర్చు రాసుకుంటూ చూశాను. లెక్క తేలేసరికి గుండె ఝల్లుమంది. తండ్రి గస్ పోర్టోకలోస్ గారు ఓడిపోలేదు. పిల్లను ఇవ్వనూ లేదు. పైగా ఒక పిల్లాణ్ణి తెచ్చుకున్నారు. మన ఊళ్లలో దీన్ని ఇల్లరికం అంటారు.

ఈ విషయాన్ని ఆడపిల్లల తండ్రుల దృష్టికి తీసుకురావడం నా బాధ్యత అనిపించి, పనులు మానుకుని మరీ రాస్తున్నాను.

ముందు కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. షికాగోలో గస్ గారికి డాన్సింగ్ జోర్బాస్ అనే హోటల్ ఉంది. ముప్ఫై ఏళ్ల కూతురు టూలా, దళసరి కళ్లద్దాలు పెట్టుకుని అందులోనే పనిచేస్తుంటుంది. వాళ్ల ఇల్లు పార్థినాన్ గుడి నమూనాలో కట్టారు, గ్యారేజీ తలుపుకు గ్రీకు జెండా పెయింట్ వేశారు. మన దగ్గర దుబాయి డబ్బుతో కట్టిన ఇంటి మీద విమానం బొమ్మ వాటర్ ట్యాంకు పెట్టుకునేవాళ్లను చూసి నవ్వేవాళ్లు ఈ ఇంటిని చూశాక కాస్త తగ్గుతారు. గ్రీకు అమ్మాయి పుట్టినందుకు చేయాల్సినవి మూడే పనులని ఆ ఇంట్లో నూరిపోశారు: గ్రీకు వాణ్ణి చేసుకోవడం, గ్రీకు పిల్లల్ని కనడం, చచ్చేదాకా అందరికీ వండి పెట్టడం. టూలా అక్క ఇవన్నీ సక్రమంగా నెరవేర్చింది. టూలా మాత్రం కాలేజీలో కంప్యూటర్ క్లాసులకు వెళ్లింది, అద్దాలు తీసేసి లెన్సులు పెట్టుకుంది, ఇయాన్ మిల్లర్ అనే పొడుగాటి, శాంతమూర్తి అయిన, శాకాహారి అయిన స్కూలు టీచర్ని ప్రేమించింది. అతను గ్రీకు కాదు.

ఇక్కడ మా మామయ్య ఆపమన్నాడు. "బడిపంతులా? గవర్నమెంటా, ప్రైవేటా?" అన్నాడు. గస్ గారికి ఆ ప్రశ్న తట్టనే లేదు. ఆయన బాధంతా అతను 'క్సేనోస్' అని. అంటే పరాయివాడు. చిత్రమేమిటంటే ఆ ఒక్క మాటకే గ్రీకులో అతిథి అనే అర్థం కూడా ఉంది, వాళ్లు గొప్పగా చెప్పుకునే ఆతిథ్యం 'ఫిలోక్సేనియా' అందులోంచే పుట్టింది. గడప దాటి వస్తే చుట్టం, పిల్లనడిగితే పరాయివాడు. రెండింటికీ ఒకే మాట పెట్టుకున్నవాళ్ల ముందుచూపును మెచ్చుకోవాలి.

ఇప్పుడు నా లెక్కకు వస్తాను. ఇయాన్ వైపు ఖర్చుల పద్దు ఇది. అబ్బాయి మతం మార్చుకున్నాడు. గ్రీకు ఆర్థొడాక్స్ చర్చిలో పెళ్లి జరగాలంటే బాప్తిస్మం తీసుకోవాలన్నారు, సరే అన్నాడు. పెద్దవాళ్లు పట్టే తొట్టి దొరకలేదో ఏమో, చిన్నపిల్లలు ఎండాకాలం ఆడుకునే గాలితొట్టి తెచ్చి, దాంట్లో ఆరడుగుల మనిషిని నిలబెట్టి, ఒంటికి నూనె పట్టించి ముంచి లేపారు. నలుగు పెట్టి మంగళస్నానం చేయించినట్టు ఉంటుంది ఆ సీను. మాటవరసకు చెబుతున్నాను, నిజానికి ఆ చర్చి నియమం అంత కఠినం కాదు. త్రిత్వం పేరిట వేరే శాఖలో అప్పటికే బాప్తిస్మం తీసుకున్న క్రైస్తవుడైతే మళ్లీ ముంచకుండానే పెళ్లి చేస్తారు. కానీ అలా చేస్తే తొట్టి సీను ఉండదు. తొట్టి సీను లేకపోతే గస్ గారికి తృప్తి ఉండదు.

తర్వాత తిండి. మాంసం తినడు అనగానే ఇల్లంతా మూగబోయింది. వూలా ఆంటీ ఒక్క క్షణం ఆలోచించి, ఫర్వాలేదు, గొర్రె మాంసం వండుతానంది. (గ్రీకులో 'థియా' అంటే పిన్నీ ఆవిడే, అత్తా ఆవిడే, మన భాషలోలా వరసలు విడదీసే ఓపిక వాళ్లకు లేదు.) దీన్ని తెలివితక్కువతనం అనుకుని నవ్వుతాం గానీ, హైదరాబాద్‌లో ఏ విందుకైనా వెళ్లి నేను శాకాహారినండీ అని చెప్పి చూడండి, బిర్యానీలో ముక్కలు పక్కకు తీసి మీకు రైస్ పెడతారు.

మర్యాద కూడా పోయింది. బావమరిది నిక్, పెళ్లికూతురి తమ్ముడు, గ్రీకు నేర్పిస్తానని చెప్పి అచ్చు వేయకూడని మాటొకటి నేర్పించి, అందర్నీ ఇంట్లోకి పిలవమన్నాడు. అబ్బాయి చుట్టాలందరి ముందూ గొంతెత్తి ఆ మాటే అన్నాడు. కొత్త అల్లుడి చెప్పులు దాచి ఆడుకునే మన మరదళ్లు దీని ముందు పసిపిల్లలు.

ఇన్ని ఇచ్చిన ఇయాన్ తిరిగి ఏం అడిగాడు? ఏమీ అడగలేదు. సినిమా మొత్తంలో అతనికి ఒక్క డిమాండ్ లేదు, ఒక్క అలక లేదు. అలకపాన్పు ఎక్కని అల్లుణ్ణి చూసి మా మామయ్య కళ్లు చెమర్చాయి. "ఇలాంటి సంబంధాలు ఏ పేరయ్య దగ్గర ఉంటాయిరా?" అన్నాడు.

టూలా వైపు ఖర్చు ఏమిటని రాసుకోబోయాను. ఆ పేజీ ఖాళీగానే ఉంది. కళ్లద్దాలు తీసేసింది, అది కూడా ఇయాన్ మళ్లీ కనబడకముందే.

ఇక వియ్యంకులు. రాడ్నీ, హారియట్ అనే పాపం ఇద్దరు. నా జీవితంలో ఏ సినిమాలోనూ విలన్ చేతిలో కూడా ఎవరూ ఇంత నిశ్శబ్దంగా ఓడిపోవడం చూడలేదు. మొదటిసారి వియ్యాలవారింటికి వస్తూ ఆవిడ మధ్యలో చిల్లు ఉండే బండ్ట్ కేక్ తెచ్చింది. ఇంటి ముందు పచ్చగడ్డి మీద నిలువెత్తు గొర్రె నిప్పుల మీద తిరుగుతోంది. రెండు కుటుంబాలే కదా అనుకుని వచ్చినవాళ్లకు తిరనాళ్లంత జనం ఎదురొచ్చారు. గస్ గారు తన అన్నదమ్ముల పిల్లల్ని పరిచయం చేస్తే ప్రతి ఇంట్లోనూ ఒక నిక్ తేలాడు. కేకును చేతికందుకున్న టూలా తల్లి మారియాకు అది ఏమిటో అర్థం కాలేదు, కేకు అని చెప్పాక దానికి చిల్లు ఎందుకు పడిందో అర్థం కాలేదు, చివరికి లోపలికి తీసుకెళ్లి ఆ చిల్లులో పూలకుండీ పెట్టి, బాగుచేశానన్న తృప్తితో బయటకు తెచ్చింది. ఎగతాళి కాదు సుమా, ఆవిడ మనస్ఫూర్తిగా చేసిన సాయం అది. నాకు ఈ సీను దగ్గర నవ్వు రాలేదు, భయమేసింది. మీ ఇంటి నుంచి ఏం తెచ్చినా సరే, మా ఇంట్లో దానికి ఒక లోటు కనబడుతుంది, ఆ లోటును మేమే పూడుస్తాం, మీరు థాంక్స్ చెప్పాలి. అత్తగారితనానికి ఇంతకంటే మంచి బొమ్మ నేను చూడలేదు. వాళ్లకు ఊజో అనే సారా పోసి తూలేలా చేశాక కూడా, పార్టీ అయిపోయాక గస్ గారు వియ్యాలవాళ్లు కాల్చిన రొట్టెముక్కలా పొడిపొడిగా ఉన్నారని వాపోయారు. పెళ్లి శుభలేఖలో వియ్యపురాలి పేరు హారియట్ కాస్తా హ్యారీ అని పడింది. దిద్దించే తీరిక ఎవరికుంది?

అయితే గస్ గారి అసలు బలం గొర్రె కాదు, ఊజో కాదు. వ్యుత్పత్తి శాస్త్రం. ప్రపంచంలో ఏ మాట చెప్పినా దాని మూలం గ్రీకు అని నిరూపిస్తారు. ఒక పిల్ల కిమోనో అంటే? గ్రీకులో 'హిమోనాస్' అంటే చలికాలం, చలికాలంలో వేసుకునేది కిమోనో, అంతే. (జపాన్‌వాళ్లు 'కి' అంటే తొడుక్కోవడం, 'మోనో' అంటే వస్తువు అని చెప్పుకుంటారు గానీ, సొంత భాష గురించి వాళ్లకేం తెలుసు.) పెళ్లి విందులో ఆయన ప్రసంగమంతా దీని మీదే నడిచింది. మిల్లర్ అనే పేరు 'మీలో' అనే గ్రీకు మాట నుంచి వచ్చింది, అంటే ఆపిల్. పోర్టోకలోస్ 'పోర్టోకాలి' నుంచి వచ్చింది, అంటే నారింజ. వేర్వేరు పళ్లమే అయినా అందరం పళ్లమే అని ముగించారు. హాలంతా కళ్లు తుడుచుకుంది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే మనిషి మాటను సరిచూడటం మర్యాద కాదు. అయినా చూశాను. మిల్లర్ అంటే ఇంగ్లీషులో పిండిమర నడిపేవాడు, ఆపిల్‌కు సంబంధం లేదు. అది చిన్న తప్పు. పెద్దది ఆయన సొంత ఇంటిపేరులో ఉంది. గ్రీకు నారింజకు పోర్టోకాలి అని పేరొచ్చింది పోర్చుగల్ వల్ల. తియ్య నారింజను ఐరోపాలో ఊరూరా తిప్పి అమ్మింది పోర్చుగీసువాళ్లే మరి. అంటే గ్రీకు సంస్కృతికి కావలి కాస్తున్న ఇంటిపేరే ఒక పరాయి దేశం పేరు. ఇంగ్లీషులో ఆరెంజ్ మాట ఉందే, అది ఫ్రెంచి, అరబ్బీ, పర్షియన్, సంస్కృతాల మీదుగా వెనక్కి వెళ్తే ద్రావిడ భాషల దగ్గర ఆగుతుంది, మన నారింజ ఇంటి మాట. ఈ ముక్క చెప్పగానే మా మామయ్య సోఫాలో నిటారుగా కూర్చున్నాడు. "చెప్పానా, అన్నీ మన దగ్గరనుంచే వెళ్లాయి" అన్నాడు. ఆ క్షణంలో ఆయన చేతిలో ఒక స్ప్రే సీసా పెట్టి ఉంటే గస్ గారికీ మా మామయ్యకూ తేడా తెలిసేది కాదు.

ఆయన సంతోషం ఎంతోసేపు నిలవలేదు, అది నా తప్పే. కేంద్ర ప్రభుత్వం అంటాం కదా మామయ్యా, ఆ కేంద్రం గ్రీకు 'కెంత్రోన్' అన్నాను. లిప్తపాటు అంటాం కదా, ఆ లిప్త కూడా వాళ్ల 'లెప్తే'నే. జాతకంలో హోర, అదీ వాళ్లదే. పెళ్లి ముహూర్తం పెట్టేటప్పుడు సిద్ధాంతిగారు జామిత్ర శుద్ధి చూస్తారే, లగ్నం నుంచి ఏడో ఇల్లు, కళత్ర స్థానం, ఆ జామిత్రం అనే మాట గ్రీకు 'దియామెత్రోస్' నుంచి వచ్చింది. గ్రీకు జ్యోతిషం ఆధారంగా సంస్కృతంలో రాసిన యవనజాతకం అని ఒక పాత గ్రంథమే ఉంది, యవనులంటే గ్రీకులే. మన పిల్లకు బయటి సంబంధం వద్దని తేల్చడానికి మనం తెరిచే పుస్తకంలో పెళ్లిస్థానం పేరే బయటి సంబంధం! గస్ గారు కిమోనోల వెంట పడి కాలం వృథా చేసుకున్నారు గానీ, ఒక్కసారి మన సిద్ధాంతిగారి దగ్గర కూర్చుని ఉంటే జన్మ ధన్యమయ్యేది. మా మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సిద్ధాంతిగారికి ఇది చెప్పకు" అన్నాడు.

వంటింట్లోనూ ఇదే రామాయణం. చిన్నప్పుడు టూలా బడికి ముసాకా (వంకాయ, కీమా పొరలుగా పేర్చి చేసే వంటకం) తీసుకెళ్తే తెల్లపిల్లలు ఏడిపించారు. పాపం గ్రీకు వంట అని ఏడిపించారు. ముసాకా అన్న పేరు అరబ్బీ నుంచి టర్కీ మీదుగా వచ్చింది. పైన తెల్లగా పోసే బెషమెల్ సాస్ ఫ్రెంచివాళ్లది, 1920ల్లో నికోలాస్ త్సెలెమెన్తెస్ అనే వంటల రచయిత దాన్ని గ్రీకు ఇళ్లకు అలవాటు చేశాడు. ఇంట్లో ముసలమ్మేమో టర్కీవాళ్లతో యుద్ధం ఇంకా నడుస్తోందనుకుని కనబడిన వాణ్ణల్లా, సొంత కొడుకుతో సహా, శత్రువనుకుని బాదుతుంటుంది, ఆ ఇంటి పొయ్యి మీద మాత్రం టర్కీ పేరున్న కూర ఉడుకుతుంటుంది. మనం నవ్వకూడదు. గుంటూరు మిర్చి అని మీసం తిప్పుతాం, ఆ మిర్చి పోర్చుగీసువాళ్ల ఓడల్లో రాకముందు మన గోంగూర పచ్చడి ఎలా ఉండేదో ఊహించుకోవడానికి కూడా ధైర్యం చాలదు. గ్రీకులకు నారింజ ఇచ్చి, మనకు మిర్చి ఇచ్చి, ఆ పోర్చుగీసువాళ్లు ఇద్దరి చేతా ఆత్మగౌరవ ప్రసంగాలు చేయిస్తున్నారు.

ఆ స్ప్రే సీసా గురించి చెప్పలేదు కదూ. గస్ గారికి రెండే నమ్మకాలు, ఒకటి గ్రీకు జాతి, రెండు విండెక్స్. అద్దాలు తుడుచుకునే నీలం ద్రావకం అది, మన కొలిన్ లాంటిది. గజ్జి, దద్దుర్లు, దెబ్బలు, ఏది వచ్చినా కొట్టు విండెక్స్. మన ఇళ్లలో జిందా తిలిస్మాత్ సీసాకూ అమృతాంజనం డబ్బాకూ ఉన్న హోదా అన్నమాట, కాకపోతే అవి మందులని డబ్బా మీద రాసి ఉంటుంది. పెళ్లిరోజు తనకు మొటిమ వచ్చిందని టూలా చెబుతుంటే, నాకూ వచ్చింది, విండెక్స్ కొట్టాను, పోయింది అంటాడు ఇయాన్. అందరూ నవ్వారు. నేను మాత్రం కాగితం మీద ఒక గీత గీసి, లెక్క ఇక్కడితో ముగిసింది అని రాసుకున్నాను. గాలితొట్టిలో ముంచింది ఒంటిని మాత్రమే. అసలు బాప్తిస్మం ఇది.

ఇంత జరిగాక పెద్దరికం మగాడిదే అని గస్ గారు అనుకుంటున్నారంటే, ఆయన్ను అలా అనుకోనిస్తున్నది మారియా. మగాడు తలకాయ, ఆడది మెడ, మెడ ఎటు తిప్పితే తల అటు తిరుగుతుంది అని ఆవిడ సిద్ధాంతం. కూతురు ట్రావెల్ ఏజెన్సీలో పనిచేయాలన్న ఆలోచన ఆయన బుర్రలోంచే వచ్చినట్టు నమ్మించడానికి ఆవిడా వూలా కలిసి ఆడిన నాటకం ఏ తెలుగు ఇల్లాలికీ కొత్త కాదు, కాబట్టి దాని మీద సమయం పెట్టను.

సినిమా తయారైన పద్ధతి చూసినా నా వాదనే నిలబడుతుంది. టూలాగా నటించి కథ రాసిన నియా వర్దలోస్ కెనడాలోని విన్నిపెగ్‌లో పుట్టిన గ్రీకు అమ్మాయి. తన ఇంటి గోలనే ఒంటరి నాటకంగా లాస్ ఏంజిలెస్‌లో ఆడుతుంటే నటి రీటా విల్సన్ చూసింది, ఆవిడ తల్లి వైపు గ్రీకు, భర్త టామ్ హ్యాంక్స్‌ను లాక్కొచ్చింది, వాళ్లే నిర్మాతలయ్యారు. అంతకుముందు కొందరు నిర్మాతలు, గ్రీకు ఎందుకమ్మా, ఇటాలియన్‌గానో హిస్పానిక్‌గానో మార్చెయ్ అన్నారట. హీరో కులం మారిస్తే బిజినెస్ బాగుంటుందని సలహా ఇచ్చేవాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉంటారని తెలిసి ఊరట కలిగింది. ఆవిడ మార్చనంది. అంత పట్టుదలగా గ్రీకుగా ఉంచిన సినిమాలో తల్లి మారియాగా వేసిన లేనీ కజాన్ యూదు, వూలాగా వేసిన ఆండ్రియా మార్టిన్ ఆర్మేనియన్ మూలాలున్న మనిషి, షికాగోగా చాలావరకు నటించింది కెనడాలోని టొరంటో. నియా నిజజీవితంలో చేసుకున్న ఇయాన్ గోమెజ్ గ్రీకు కాదు, అతనూ పెళ్లికి ముందు ఆ మతం పుచ్చుకున్నాడు. అతన్ని ఈ సినిమాలో హీరో స్నేహితుడి వేషంలో పక్కన నిలబెట్టారు. అసలు పెళ్లికొడుకు తోడుపెళ్లికొడుకై తన పెళ్లిని తానే చూశాడన్నమాట. ఇంతమందిని కలిపేసుకుని కూడా గ్రీకు సినిమా అనిపించుకుంది చూశారా, ఆ మింగుడు శక్తి గురించే నేను మాట్లాడుతున్నది.

దాదాపు 50 లక్షల డాలర్లతో తీస్తే ఉత్తర అమెరికాలోనే 24 కోట్ల డాలర్లు పైగా వచ్చాయి. విచిత్రం, ఒక్క వారాంతం కూడా మొదటి స్థానంలో లేదు. పెళ్లికి ముందుగా రాని, వచ్చాక కదలని చుట్టంలా నెలల తరబడి థియేటర్లలో కూర్చుంది.

ఒక్క మాట సీరియస్‌గా. ఇదే కథను మన దగ్గర కామెడీ అని ధైర్యంగా తీయగలమా అని ఆలోచించాను. పరాయి కులం అల్లుణ్ణి నడివీధిలో నరికించిన వార్తలు చదువుతూ కాఫీ తాగడం అలవాటైన వాళ్లం. ఆ తండ్రులకు కూడా సంస్కృతి మీద గస్ గారికున్నంత ప్రేమే ఉందని చెబుతారు. గస్ గారి చేతిలో ఉన్నది అద్దాలు తుడిచే సీసా కాబట్టి మనం నవ్వగలుగుతున్నాం. సరే, నవ్వుదాం.

సంప్రదాయం మీద అంత పట్టున్న గస్ గారికి 2016లో వచ్చిన రెండో భాగంలో ఒక పిడుగు పడింది. ఆయన పెళ్లి పత్రం మీద పాదిరీ సంతకమే లేదని బయటపడింది. అంటే ముగ్గురు పిల్లల్ని కని, మనవరాలు కాలేజీకి వెళ్లే వయసుకు వచ్చేదాకా, వంశగౌరవ రక్షకుడు మారియా గారితో చేసింది సహజీవనం. మా మామయ్యకు రెండో భాగం చూపించలేదు.

మొదటి భాగం ఆఖరికి వస్తాను. విందులో ఆపిల్ నారింజ ప్రసంగం అయ్యాక గస్ గారు పెళ్లి కానుకగా ఒక కాగితం ఇచ్చారు. ఇంటి దస్తావేజు. దంపతులు ఏడుస్తారు, చుట్టాలు చప్పట్లు కొడతారు, హాల్లో ఉన్న మనమూ ముక్కు చీదుతాం. ఆ ఇల్లు ఎక్కడుందో తెలిసేసరికి మన రుమాలు తడిసి ఉంటుంది కాబట్టి అనుమానం రాదు. సరిగ్గా ఆయన ఇంటి పక్కనే. జాతకంలో ఏడో ఇల్లు సంగతి గ్రహాలు చూసుకుంటాయి, పక్కిల్లు మాత్రం ఆయనే దగ్గరుండి చూసుకున్నారు. పిల్ల పుట్టింది, ఆరేళ్లొచ్చాయి, నచ్చకపోయినా గ్రీకు బడికి బయల్దేరింది. అమెరికాలో వారాంతాల్లో ఏడుపు మొహాలతో మనబడి క్లాసులకు వెళ్లే మన పిల్లల నడకే అది, చూడగానే పోల్చుకుంటారు. టూలా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, నువ్వు పెద్దయ్యాక నీ ఇష్టం వచ్చినవాణ్ణి చేసుకో అని మాటిచ్చింది. ఇయాన్ పక్కనే నవ్వుతూ నడుస్తున్నాడు. తనకు జరిగిన ఇల్లరికమే ఇప్పుడు ఇంకెవడి మీదకో వెళ్తోందని అతనికి తట్టినట్టు లేదు.

మా మామయ్యకు మాత్రం తట్టింది. టీవీ కట్టేశాక చెప్పులు వేసుకుంటూ, "ఆ వీధిలో మూడో ఇల్లు ఎవరిదిరా?" అన్నాడు.